కిలిమంజారో ఫోటోలో మోతగాడేడీ?

ఆఫ్రికా ఖండంలోకెల్లా ఎత్తయినది టాంజానియాలోని కిలిమంజారో పర్వతం. ఎత్తు 5,895 మీటర్లు. నిజామాబాద్ జిల్లా గిరిజన బిడ్డ మాలావత్ పూర్ణ 2016లో దీనిని అధిరోహించింది. తెలుగు జిల్లాల యువతీ యువకులు మరికొందరు కూడా ఎక్కి వచ్చారు. శిఖరంపై జెండా పట్టుకున్న ఫోటోలు పత్రికల్లో వస్తున్నాయి. సంతోషమే.

అయితే ఆ ఫోటోల్లో మోతగాళ్లు కనిపించకపోవడం శోచనీయం. ఎక్కి దిగడానికి ఐదు నుంచి ఎనిమిది రోజులు పడుతుంది. అన్నాళ్లూ గుడారాలు, వంటపాత్రలు, తిండి సామాను మోసేది స్థానిక కూలీలే. కింది అడవిలో తెల్లని కుచ్చుతోక గల నల్ల కోతులను చూస్తూ యాత్రికులు ఆగుతారు. నెత్తిన మూట ఉన్నవాడు ఆగడు. వారికంటే ముందుగా వెళ్లి గుడారం వేయాలి. పైకి పోయేకొద్దీ చెట్టూ చేమా ఉండదు, గాలి పలచన, రాత్రి గడ్డకట్టే చలి.

ఒక్కొక్కరు 20 కిలోలకు మించి మోయరాదని అక్కడి నిబంధన. నిబంధన ఉంటే చాలదు, అమలు కావాలి. చవకగా తీసుకెళ్తామనే ఏజెంటు ఆ తగ్గింపును ఎవరి కూలిలో, ఎవరి తిండిలో కోస్తాడో ఆలోచించాలి. విరాళాలిచ్చి పిల్లలను సాగనంపే పెద్దలు ముందుగానే కూలీల రోజు కూలి, బూట్లు, చలి దుస్తుల సంగతి అడిగి తెలుసుకోవడం అవసరం.

1889లో తొలిసారి శిఖరం చేరిన హాన్స్ మేయర్, లుడ్విగ్ పుర్ట్‌షెల్లర్ల పేర్లు చరిత్రకెక్కాయి. వారి మూటలు మోసినవారి పేర్లు ఎందరికి తెలుసు? దిగివచ్చాక మోతగాళ్లతో ఒక ఫోటో దిగితే కొండ ఎత్తేమీ తగ్గదు.