పోవుచున్నది టర్బోయా, గాలియా?

దమ్ముల కాలము వచ్చినది. కాలువకు నీరు విడిచిన నాటినుండి ట్రాక్టరు నిలిచిపోయిన ప్రతిదినమును రైతునకు నష్టదినమే. యంత్రము పూర్తిగా చెడిపోయినచో రైతు వెంటనే అద్దె బండినో, పొరుగువాని బండినో వెదకుకొనును. యంత్రము నడచుచునే బలము కోల్పోయినచో అతని కష్టము మఱింత దుర్భరము. ఇంజను మొదటి తిప్పులోనే అందుకొనును. శబ్దమునందు తేడా తోచదు. ఖాళీగా పోవునపుడు లోప మేమియు కానరాదు. దమ్ము చక్రములు బురదలో దిగగానే, లేక ధాన్యపు బస్తాలతో ట్రక్కు కాలువ గట్టెక్కవలసి రాగానే, బండి నల్లని పొగ గ్రక్కి చతికిలబడును. "పికప్పు లేదు" అని డ్రైవరు చెప్పును. "టర్బో పోయినది" అని షెడ్డులో చెప్పుదురు. ఈ రెండు మాటల నడుమ జరుగవలసిన పరీక్ష జరుగుట లేదనియు, అందులకు దోషము మెకానిక్కులయందుకంటె మనయందే యెక్కువగా నున్నదనియు మా యభిప్రాయము.

గడచిన సార్వాలో మా సంఘ సభ్యులలో నొకరికి జరిగిన సంగతిని చదువరుల కెఱిగింతుము. ఆయన ట్రాక్టరు దమ్ము నడుమ బలము తప్పెను. వంతు నీరు చేలో నున్నది, నారు ముదురుచున్నది. పట్టణమునుండి వచ్చిన మెకానిక్కు ఇంజను ప్రక్కన పది నిముసములు నిలిచి, పొగ చూచి, టర్బో మార్చవలయునని నిర్ణయించెను. సభ్యుడు అప్పుచేసి క్రొత్త టర్బో తెప్పించెను. పాతదానిని ధరలో కొంత తగ్గించి అంగడివారే తీసికొనిరి. మూడవనాటి సాయంకాలమునకు బిగింపు ముగిసినది. మఱునాడు చక్రములు బురదలో దిగగానే మఱల నదే నల్లపొగ, అదే చతికిలబాటు. తుదకు పొరుగు చేని డ్రైవరొకడు, వయసు మీఱినవాడు, టర్బోనుండి ఇంజనునకు గాలిని కొనిపోవు రబ్బరు గొట్టమును చేతితో తడిమి, క్లిప్పు క్రింద కంటి కానని వంపులో రెండంగుళముల చీలికను పట్టుకొనెను. ఆ గొట్టము వెల క్రొత్త టర్బో వెలముందు లెక్కకు రానిది. ఆ సభ్యునకు పోయినది ధనము మాత్రమే కాదు. వంతు నీరు పోయినది. అద్దె బండికి కూలి పోయినది. ఏ దోషమును లేని పాత టర్బో కూడ పోయినది.

ఇట్టి పొరపాటు ఎట్లు కలుగునో తెలిసికొనుటకు టర్బో చేయు పని యేమో ముందుగా నెఱుగవలయును. ఒక కిలో డీజిలు చక్కగా దగ్ధమగుటకు సుమారు 14.5 కిలోల గాలి కావలయును. ఇంజను తనంతట తాను పీల్చుకొను గాలి, సముద్రమట్టమున చదరపు అంగుళమునకు 14.7 పౌండ్ల సహజపీడనమునకు లోబడి యుండును. ఇంజను విడిచివేయు వేడి పొగయందు వృథాగా పోవు శక్తితో ఒక చక్రమును త్రిప్పి, అదే ఇరుసు రెండవ కొననున్న మఱియొక చక్రముచే గాలిని నొక్కి లోనికి పంపినచో, ఇంజను పెద్దది కాకయే బలము పెరుగును. ఈ యుపాయమునకు స్విట్జర్లండు దేశపు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూషి 1905లో పేటెంటు పొందెను. మన దేశమున సహకార పరపతి సంఘముల చట్టము పుట్టినది 1904లో. అనగా మన ఉద్యమమును, ఈ యంత్రమును ఇంచుమించు ఒకే యీడువి.

కావున టర్బో యొక్కటియే బలము నిచ్చునని తలంచుట పొరపాటు. గాలి లోనికి వచ్చు దారి, నొక్కబడిన పిమ్మట ఇంజనునకు పోవు దారి, పొగ వెలువడు దారి, ఈ మూడును బాగుగ నున్నపుడే టర్బో పని చేయగలదు. ఈ దారులలో ఎక్కడ తూటు పడినను, ఎక్కడ మూసుకొనినను, డ్రైవరునకు కనబడు లక్షణ మొక్కటియే: బండి లాగదు. కాలువ చివరి చేనికి నీరందనిచో తూము చెడినదని వెంటనే క్రొత్త తూము కట్టుదుమా? ముందు గట్టు పొడవునను నడచి గండి యెక్కడ పడినదో చూతుము. టర్బో విషయమునను చేయవలసినది అంతియే.

పరీక్షకు ఒక వరుస కలదు. ఖర్చు లేనిది ముందు, ఖర్చు గలది వెనుక. మొదటిది ఏర్ ఫిల్టరు. నూర్పిడి కాలపు ధూళికి ఇది కొలది దినములలోనే మూసుకొనిపోవచ్చును. ఫిల్టరు కాగితపుదైనచో లోపలినుండి వెలుపలికి, తక్కువ ఒత్తిడి గాలితో ఊదవలయును. వెలుపలినుండి లోనికి ఊదినచో ధూళి మఱింత గాఢముగా నాటుకొనును. నూనె గిన్నె గల పాత రకమైనచో అడుగున పేరిన బురద తీసి, గుఱుతు వఱకు మాత్రమే క్రొత్త నూనె పోయవలయును.

రెండవది గాలి గొట్టములు. టర్బోనుండి ఇంటర్ కూలరునకును, అచటినుండి ఇంజనునకును పోవు ప్రతి గొట్టమును, ప్రతి క్లిప్పును చేతితో తడిమి చూడవలయును. నూనె తేమపై ధూళి పేరుకొనిన చోట గాలి కాఱుచున్నదని అనుమానింపవచ్చును. బరువు లాగునపుడు మాత్రమే తెఱచుకొను చీలికలు ఇంజను ఆపినపుడు కానరావు. అట్టివాని కొఱకు టర్బో గాలి పీల్చు నోటిని తగిన బిరడాతో మూసి, చదరపు అంగుళమునకు 10 పౌండ్లకు మించకుండ గాలి నెక్కించి, అతుకులపై సబ్బునీరు పూయవలయును. బుడగ లేచిన చోటనే గండి. టైర్లకు గాలిపట్టు కంప్రెసరును ఒత్తిడిని అదుపుచేయు సాధనము లేక నేరుగా తగిలింపరాదు. బిరడా తుపాకిగుండువలె ఎగురును.

మూడవది వేస్టుగేటు. గాలి ఒత్తిడి మితిమీఱకుండ పొగలో కొంత భాగమును టర్బో చక్రమునకు తగులనీక ప్రక్కదారిని పంపు తలుపిది. ఈ తలుపు మసిపట్టి తెఱచియే నిలిచిపోయినచో ఒత్తిడి పుట్టదు. దానిని కదలించు కడ్డీ సులభముగా కదలుచున్నదా, దానికి పోవు సన్నని గొట్టము పగులలేదా యని చూచుట ఐదు నిముసముల పని. నాలుగవది పొగ దారి. ఇంజనునకును టర్బోకును నడుమ గాస్కెట్టు కాలిపోయినచో ఆ చోట మసిచార యేర్పడును. చక్రమును త్రిప్పవలసిన పొగ అచటనే వెలికి పోవును. సైలెన్సరు మసితో మూసుకొనినను ఫలమదియే.

పొగ రంగును కూడ గమనింపవలయును. బలము తగ్గి నల్లపొగ వచ్చినచో డీజిలునకు తగిన గాలి చాలుట లేదు. బలము తగ్గియు నల్లపొగ లేకున్నచో డీజిలే చాలకుండవచ్చును. అపుడు డీజిలు ఫిల్టరును చూడవలయును. కొన్ని ఇంజనులలో గాలి ఒత్తిడిని బట్టి డీజిలును పెంచు సాధనము పంపుపై నుండును. దానికి గాలి తెలుపు చిన్న గొట్టము పగిలినను లక్షణ మిదియే. నీలిపొగ వచ్చినచో ఇంజను ఆయిలు కాలుచున్నదని యెఱుగవలయును. నీలిపొగ దట్టముగా వచ్చుచున్నపుడు బండిని పనిలో పెట్టరాదు. కాఱిన ఆయిలునే ఇంధనముగా గైకొని ఇంజను అదుపు తప్పి, డీజిలు కట్టివేసినను ఆగకపోవచ్చును.

ఇవి యన్నియు చూచిన పిమ్మటనే టర్బోను విప్పవలయును. దాని ఇరుసు నిమిషమునకు లక్ష చుట్లకు మించి తిరుగును. అంతటి వేగమున అది లోహముపై గాక పలుచని ఆయిలు పొరపై తేలుచుండును. కావున ఇంజను ఆపి, చల్లారిన పిమ్మట ఇరుసును వ్రేళ్లతో కదలించినపుడు ప్రక్కకు కొంచెము కదలుట సహజమే. దానినే చూపి టర్బో పోయినదనుట న్యాయము కాదు. రెక్కలు గోడకు రాచుకొనినను, రెక్కల అంచులు విఱిగినను, ఇరుసు ముందునకు వెనుకకు తెలియునట్లు జరిగినను అపుడు నిజముగా పోయినట్లే. పోయినచో ఏల పోయినదో తెలిసికొనక క్రొత్తది బిగింపరాదు. ఆయిలు తెచ్చు గొట్టము మసిగట్టి మూసుకొని పాతది చచ్చినచో, అదే గొట్టముపై బిగించిన క్రొత్తదియు చచ్చును.

ఇప్పుడు మా ముఖ్యాభిప్రాయమునకు వత్తుము. మెకానిక్కు ఈ వరుసను ఎఱుగడా? పలువురు ఎఱుగుదురు. అయినను ఏల పాటింపరు? మనము దానికి డబ్బియ్యము గనుక. మెకానిక్కు రెండు గంటలు వెదకి, ఒక క్లిప్పు బిగించి, కూలి యడిగినచో, "క్లిప్పు బిగించినందుకు ఇంత కూలియా?" యని కోపింతుము. అదే మెకానిక్కు అరగంటలో వేలకొలది రూపాయల భాగము నొకటి మార్చినచో మాఱుపలుకక చెల్లింతుము. వైద్యుడు నాడిచూచుటకు ఏమియు ఇయ్యక, మందుసీసాలను బట్టియే సొమ్ము ఇచ్చువారి ఇంటికి మందుసీసాలే వచ్చును. మన షెడ్లలో జరుగుచున్నది ఇదియే. వెదకుటకు విలువ కట్టని రైతు ఆ విలువకు అనేక రెట్లు విడిభాగముల రూపమున చెల్లించుచున్నాడు.

పని తొందరలో వెదకుటకు వ్యవధి యెక్కడిదని కొందరు అడుగవచ్చును. పైన చెప్పిన మా సభ్యునకు తొందరయే మూడు దినములను హరించినది. క్రొత్త బండ్లలో కంప్యూటరు తగిలించిన క్షణములో దోషము తెలియును గదా యని మఱికొందఱు అందురు. 50 హార్సుపవరునకు మించిన క్రొత్త ట్రాక్టర్లకు 2023 జనవరి నుండి పొగ నిబంధనలు కఠినమైనవి. వానియందు విద్యుత్ సాధనములు పెరిగిన మాట నిజమే. అయినను ఆ సాధనము గాలి ఒత్తిడి తక్కువగా నున్నదని మాత్రమే చెప్పగలదు; చీలిక ఏ క్లిప్పు క్రింద నున్నదో చెప్పలేదు. తడిమి చూచు చేయి అప్పటికిని కావలయును.

ఒక్కొక్క రైతు ఇట్టి పరికరములు కొనవలయునని మేము చెప్పము. ఒక్కనికి భారమైనది పదిమందికి తేలిక యగుటయే సహకారము. కావున ప్రతి సంఘమును మూడు వస్తువులు కొని కార్యాలయమున నుంచవలయునని కోరుచున్నాము: గాలి ఒత్తిడిని కొలుచు గేజి, గొట్టములను పరీక్షించు బిరడాలును ఒత్తిడి నియంత్రణ సాధనమును, వేస్టుగేటును పరీక్షించు చేతిపంపు. ఇవి యన్నియు కలిసినను ఒక టర్బో వెలకు చాల తక్కువ. వీనితోపాటు ఒక రిజిష్టరు నుంచవలయును. ప్రతి సభ్యుని యంత్రమును, అది బాగుగ నున్న కాలముననే, నిండు బరువుతో నడిపి ఒత్తిడిని కొలిచి వ్రాసికొనవలయును. బరువు లేక నిలిచియున్న ఇంజనులో టర్బో ఒత్తిడి యేమియు పెద్దగా పుట్టదు. కావున ఇంటిముంగిట అరపించి చూచిన పరీక్ష పరీక్ష కాదు. ఆరోగ్యకాలపు సంఖ్య చేతనున్నచో, రోగకాలమున తేడా యెంతయో ఒక్క చూపున తేలును. సంఖ్య తగ్గనిచో టర్బోను ముట్టనే వలదు. దోషము వేఱొకచోట నున్నది.

ఇక నాలుగవది, పరికరము కాదు, తీర్మానము. లోపమును కనుగొనుటకు మెకానిక్కునకు వేఱుగా పరీక్షకూలిని సంఘమే నిర్ణయింపవలయును. భాగము మార్చినను మార్చకున్నను ఆ కూలి చెల్లవలయును. ట్రాక్టరు కొనుటకు అప్పిచ్చు సంఘము, ఆ ట్రాక్టరు అప్పు తీరువఱకైన బలముగా నడచుటకు తోడ్పడుట తన కర్తవ్యమని యెఱుగవలయును.

టర్బో నూరకయే చావదు. బరువు లాగిన పిమ్మట ఇంజనును రెండు మూడు నిముసములు మెల్లగా తిరుగనిచ్చి ఆపుట, ఆయిలును, ఫిల్టర్లను గడువు దాటకుండ మార్చుట, ఇవియే దానికి దీర్ఘాయువు. అయినను ఒకనాడు బండి బలము తగ్గినచో, పర్సు తెఱచుటకు ముందు బానెట్టు తెఱచి, క్లిప్పుల క్రింద వ్రేలు పెట్టి చూడవలయునని సభ్యుల నెల్లర మఱియొకమాఱు వేడుచున్నాము.