ముసురు పట్టిన రోజు



ఆగస్టు చివర మన బి.కొత్తకోటలో ముసురు పట్టింది. హార్స్‌లీ కొండ మబ్బుల్లో కనబడకుండా పోయింది. ఊడలు దిగే చెనక్కాయ పైరుకు ఈ తడే ప్రాణం. దేవునికి స్తోత్రం.

బండి తీసే వీల్లేక ఇంట్లోనే ఉండిపోయాను. మా ఇంటావిడ చెనక్కాయలు వేయించింది. అమ్మ పాత కరువుల సంగతులు చెబుతోంది. ఇంతలో చిన్నది అడిగింది: "నాయనా, ఈ రోజు ఎవరింటికీ పోవా?" నవ్వాను గానీ, ఆ మాట లోపల గుచ్చుకుంది.

దేవుని మాటలు పిల్లలకు ఎప్పుడెప్పుడు చెప్పాలో ద్వితీయోపదేశకాండము 6:7లో మోషే వరుసగా చెబుతాడు. ఇంట్లో కూర్చున్నప్పుడు అనేది ముందు, దారిలో నడిచేటప్పుడు అనేది తర్వాత. ఎన్నోసార్లు దాని మీద ప్రసంగించిన నేనే దారి పట్టుకుని ఇల్లు మరిచాను.

సేవ పేరుతోనైనా, సంపాదన పేరుతోనైనా ఇంటిని ఎండబెట్టుకోవడం భక్తి కాదని నా అభిప్రాయం. తెల్లారకముందే టమోటాలతో మదనపల్లె మార్కెట్‌కు పోయేవాళ్లు మనలో ఉన్నారు. కష్టపడటం తప్పు కాదు. కానీ వాన కోసం ఉపవాసముండి ప్రార్థిస్తాం, ఆ వాన ఇచ్చిన తీరికను మాత్రం ఫోన్‌కు అప్పగిస్తాం.

ఇకమీదట సోమవారం సాయంత్రం నేను ఇంట్లోనే ఉంటాను, వాన వచ్చినా రాకున్నా. ఆపద ఉంటే ఎప్పుడైనా పిలవండి, వస్తాను. మీరూ వారానికి ఒక పూట ఇంటికి ఇవ్వండి.

ప్రభువు మీ పొలాలనూ, మీ ఇళ్లనూ తడుపును గాక. ఆమేన్.