గాలిమర, గిర్ని: మన విస్తరణ చేరని చివరి మజిలీ

విత్తనం నుండి కోత వరకు మన పరిశోధన పరిధి సుస్పష్టం. కోత అనంతరం తేమ శాతం, నిల్వ, పురుగుల నివారణ వరకు కూడా మన దృష్టి ప్రసరిస్తున్నది. అయితే గింజ పిండిగా మారే స్థలం మాత్రం మన వ్యాసాలలో అరుదుగా కనిపిస్తుంది. రైతు పండించిన జొన్న, సజ్జ వినియోగదారుని కంచం చేరాలంటే మర దాటక తప్పదు. ఆ మరను విస్తరణ శాస్త్రం తన పరిధిలోకి తీసుకోవాలన్నది నా అభిప్రాయం.

ఇటీవల సికింద్రాబాద్‌లోని చిలకలగూడలో ఒక పాత గిర్నిలో ఒక పూట గడిపాను. కోస్తా జిల్లాలలో పిండిమర అనే దానినే ఇక్కడ గిర్ని అంటారు. ఒక మోటారు, తోలు పట్టా, పైన గింజలు పోసే డబ్బా, లోపల రెండు గుండ్రని రాళ్ళు. ఒకటి కదలదు, మరొకటి తిరుగుతుంది. నిర్వాహకుడు జారే పిండిని రెండు వేళ్ళ మధ్య నలిపి చూసి, చేతిచక్రం కొద్దిగా తిప్పి రాళ్ళ ఎడం సరిచేస్తున్నాడు. రాళ్ళు మరీ దగ్గరైతే పిండి వేడెక్కుతుంది. దూరమైతే బరకగా వస్తుంది. జొన్నకు ఒక ఎడం, గోధుమకు మరొకటి, శనగపప్పుకు ఇంకొకటి. “రొట్టె విరిగితే జనం నన్నే అడుగుతరు సార్, జొన్నను అడగరు” అన్నాడాయన. తన తరువాత ఆ పీటపై కూర్చునేవారు లేరని కూడా చెప్పాడు.

ఆ మాట విన్నప్పుడు ఇంగ్లండులోని విల్ట్‌షైర్ ప్రాంతపు విల్టన్ గాలిమర స్ఫురించింది. కెన్నెట్–ఏవన్ కాలువ నిర్మాణం వల్ల అక్కడి నీటిమరలకు నీరు కరవైంది. ఆ లోటు తీర్చడానికి 1821లో గుట్టపై ఇటుకలతో ఈ గాలిమరను కట్టారు. ఉక్కు రోలర్ల మిల్లులు వచ్చాక రాతిమరలకు గిరాకీ పడిపోయింది. విల్టన్ మర కూడా 20వ శతాబ్ది తొలి దశాబ్దాలలో మూతపడి శిథిలమైంది. 1970లలో దానిని పునరుద్ధరించారు. నేటికీ గాలి అనుకూలించినప్పుడు అది గోధుమను పిండి చేస్తున్నది. విలియం మారిస్ 1877లో స్థాపించిన ప్రాచీన కట్టడాల పరిరక్షణ సంఘానికి మరల కోసమే ఒక ప్రత్యేక విభాగం ఉంది. వారు మరను కాపాడుకున్నారు. కాని అప్పటికే నిత్యజీవితంలో దాని స్థానం పోయింది. మన గిర్ని ఇంకా నిత్యజీవితంలోనే ఉంది. స్మారకమయ్యే వరకు వేచి ఉండనవసరం లేదు.

ఇది కేవలం అభిమానంతో చెప్పే మాట కాదు. దీనికి శాస్త్రీయ కారణం ఉంది. రోలర్ మిల్లు గోధుమలోని తవుడును, మొలకను వేరు చేస్తుంది. నూనె గల మొలక తొలగినందున ఆ పిండి ఎక్కువ కాలం నిలుస్తుంది. రాతిమరలో గింజ మొత్తం నలుగుతుంది. పోషకాలు మిగులుతాయి, నిల్వకాలం తగ్గుతుంది. సజ్జలో ఈ సమస్య తీవ్రం. సజ్జ గింజలో సుమారు 5 శాతం నూనె ఉంటుంది. గింజ నలిగిన క్షణం నుండి లైపేజ్ ఎంజైమ్ ఆ నూనెను విడగొట్టి స్వేచ్ఛా కొవ్వు ఆమ్లాలను విడుదల చేస్తుంది. కొద్ది రోజులలోనే పిండి చేదెక్కి వాసన వస్తుంది. గింజగా నెలల తరబడి నిలిచే సజ్జ, పిండిగా వారాలు కూడా నిలవడం కష్టం. అందువల్ల అవసరమైనంత మాత్రమే, అవసరమైనప్పుడే పట్టించుకునే వీలు కల్పించే వీధి గిర్ని సజ్జ వినియోగానికి ఆధారం. 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా జరుపుకున్నాం. సాగు పెంచమని రైతుకు, తినమని వినియోగదారునికి చెప్పాం. ఇద్దరి మధ్య ఉన్న గిర్ని నిర్వాహకునికి ఏమి చెప్పామో ఆలోచించవలసి ఉంది.

గిర్నిలో లోపాలు లేవని నేను అనను. అరిగిన రాళ్ళ నుండి రాతిపొడి పిండిలో కలిసే ప్రమాదం ఉంది. గోధుమ పట్టిన వెంటనే జొన్న పడితే గోధుమ శేషం కలుస్తుంది. గ్లూటెన్ సరిపడనివారికి అది హాని. పిండి ధూళి నిర్వాహకుని ఊపిరితిత్తులకు మంచిది కాదు. అలాగే, ఇంటింటా తిరగలి ఉన్న కాలానికి తిరిగి వెళ్ళమని కూడా నా వాదన కాదు. తెల్లవారకముందే లేచి విసిరిన స్త్రీల శ్రమను తగ్గించినది గిర్నియే. లోపాలు ఉన్నాయి గనుకనే అక్కడ మన అవసరం ఉన్నది.

ఈ దిశగా నాలుగు సూచనలు చేస్తున్నాను. మొదటిది, జొన్న, సజ్జ కొత్త రకాల మూల్యాంకనంలో దిగుబడితో పాటు సాధారణ గిర్నిలో పట్టిన పిండి నాణ్యతను, రొట్టె గుణాన్ని, పిండి నిల్వకాలాన్ని నమోదు చేయాలి. రెండవది, కృషి విజ్ఞాన కేంద్రాలు గిర్ని నిర్వాహకులకు రాళ్ళకు గంట్లు పెట్టడం, ఉష్ణోగ్రత నియంత్రణ, గింజ మార్చేటప్పుడు శుభ్రత, ధూళి నివారణలపై శిక్షణ ఇవ్వాలి. మూడవది, గ్రామీణ వ్యవసాయ అనుభవ కార్యక్రమంలో విద్యార్థులు తాము బస చేసే గ్రామంలోని గిర్నిని తప్పక పరిశీలించి, ఏ గింజ ఎంత పడుతున్నదో లెక్క రాయాలి. నాల్గవది, 2020లో ప్రారంభమైన ప్రధానమంత్రి సూక్ష్మ ఆహార శుద్ధి సంస్థల పథకం కింద 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల రూపాయల వరకు రుణ ఆధారిత రాయితీ కల్పించారు; ఇటువంటి అవకాశాలను విస్తరణాధికారులు వీరికి తెలియజేయాలి.

చిలకలగూడ గిర్నిలో నేను చూసిన నైపుణ్యం ఏ పాఠ్యపుస్తకంలోనూ లేదు. అది ఆ మనిషి వేళ్ళలో ఉంది. దానిని నమోదు చేయగల శాస్త్రజ్ఞులు ఆ వీధికి కొద్ది మైళ్ళ దూరంలోనే ఉన్నారు. ఆ పీట ఖాళీ కాకముందే మనం అక్కడికి వెళ్ళాలి.