ఆసుపత్రి మంచం దగ్గర వకాలత్ సంతకం వద్దు

రోడ్డు ప్రమాదంలో కాలు విరిగి పెద్దాసుపత్రిలో చేరిన మనిషి దగ్గరికి ఒక్కోసారి బంధువులకంటే ముందే లాయరు తాలూకు మనిషి వస్తాడు. చేతిలో వకాలత్‌నామా ఉంటుంది. "మీరు రూపాయి పెట్టక్కర్లేదు, వచ్చినదాంట్లో ఇంత శాతం ఇస్తే చాలు" అంటాడు. సెలైన్ ఎక్కుతుండగానే సంతకం పడిపోతుంది. ఆ కుటుంబం అసలు లాయరు మొహం చూసేది ఎప్పుడో సాక్ష్యం చెప్పాల్సిన రోజున. ఈ పద్ధతి పోవాలి. లాయరును వెతుక్కుంటూ బాధితులే వెళ్లాలి. కాస్త తేరుకున్నాక, తమ కాగితాలు తాము సర్దుకుని మరీ వెళ్లాలి.

2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవారు 1,68,491 మంది. గాయపడ్డవారు 4 లక్షల 43 వేలకు పైనే. ఇన్ని కుటుంబాలకు న్యాయం ఎంత దక్కుతుందన్నది చాలావరకు మొదటి కొన్ని వారాల్లో పోగైన కాగితాలను బట్టే తేలుతుంది.

అందులో అన్నిటికంటే ముందు చూసుకోవాల్సింది క్యాజువాలిటీ రిజిస్టరు. రక్తమోడుతున్న మనిషిని తెచ్చిన కంగారులో డ్యూటీ డాక్టరు ఏమైందని అడిగితే, పక్కనున్న ఎవరో "బండి మీంచి పడ్డాడండీ" అనేస్తారు. డాక్టరు అదే రాసుకుంటారు. వెనక నుంచి లారీ కొట్టిందన్న మాట అందులో ఉండదు. ఆ ఒక్క వాక్యం రెండేళ్ల తర్వాత ఇన్సూరెన్స్ కంపెనీ లాయరు చేతిలో ఆయుధమవుతుంది. తనంతట తానే పడ్డాడని వాదిస్తారు. కాబట్టి ఆసుపత్రి కాగితంలో ఏముందో, ఎఫ్ఐఆర్‌లో ఏముందో కుటుంబంలో చదువుకున్నవాళ్లు ముందే ఒకసారి చదివి, రెంటికీ తేడా ఉంటే మొదటి భేటీలోనే లాయరుకు చెప్పాలి. అప్పుడైతే ప్రత్యక్ష సాక్షిని వెతకడానికి, ఆ రోజు సీసీ కెమెరాలో ఏముందో అడగడానికి వ్యవధి ఉంటుంది.

ఎఫ్ఐఆర్ నకలు ఫిర్యాదుదారుకు ఉచితంగా ఇవ్వాలని చట్టమే చెబుతోంది. 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం ప్రమాదం జరిగిన 48 గంటల్లో పోలీసులు తొలి ప్రమాద నివేదికను పరిహారం తేల్చే క్లెయిమ్స్ ట్రైబ్యునల్‌కూ, ఇన్సూరెన్స్ కంపెనీకీ పంపాలి. బాధితులకూ ఇవ్వాలి. 90 రోజుల్లో పూర్తి నివేదిక వెళ్లాలి. ఈ సంగతి తెలిసి స్టేషన్‌కు వెళ్లి అడిగే కుటుంబాలు తక్కువ. అడగాలి. గాయాల సర్టిఫికెట్, డిశ్చార్జి సమ్మరీ, ఎక్స్‌రేలు, మందుల చీటీలు, అంబులెన్సుకూ ఆటోకూ ఇచ్చిన డబ్బుల లెక్క, అన్నీ ఒక్క సంచిలోకి చేరాలి. ఆరోగ్యశ్రీలో వైద్యం జరిగి చేతి నుంచి డబ్బు పోలేదనుకున్నా ఆ కాగితాలు పారేయకూడదు. ఎన్ని ఆపరేషన్లయ్యాయో, ఎన్నాళ్లు మంచం మీదున్నారో వాటితోనే రుజువవుతుంది.

గాయం ఎంత పెద్దదో చెప్పగలిగినంత బాగా మన వాళ్లు సంపాదన ఎంతో చెప్పలేరు. పరిహారం లెక్కలో ఎక్కువ తేడా పడేది అక్కడే. ఒక ఆటో డ్రైవరుకు 32 ఏళ్లనుకుందాం. సంపాదించే శక్తి 40 శాతం పోయిందని ట్రైబ్యునల్ నమ్మింది. 2009లో సుప్రీంకోర్టు ఖరారు చేసిన పట్టిక ప్రకారం ఆ వయసుకు గుణకం (ఏడాది నష్టాన్ని హెచ్చవేసే సంఖ్య) 16. నెల ఆదాయం 15,000గా తీసుకుంటే సంపాదన నష్టం కింద 11,52,000 రూపాయలు వస్తాయి. రుజువు లేదని 9,000గా తీసుకుంటే 6,91,200. అదే మనిషి, అదే కాలు, తేడా మాత్రం నాలుగున్నర లక్షలపైనే.

రోజుకూలీకి జీతం స్లిప్పు ఎక్కడిది? సుప్రీంకోర్టూ ఆ మాట ఒప్పుకుంది. కాలు పోగొట్టుకున్న ఒక కూరగాయల వ్యాపారి కేసులో, ఆదాయానికి కాగితం లేకపోయినా నెలకు 6,500 రూపాయలుగా 2014లో లెక్కగట్టింది. అయినా చేతిలో ఏదో ఒక ఆధారం ఉండటం మేలు. ఫోన్‌పే లావాదేవీలు, బ్యాంకు పాసుబుక్కు, ఆటో ఫైనాన్స్ కిస్తీల రసీదులు, మేస్త్రీ రాసుకున్న కూలీ లెక్కల పుస్తకం, ఇవన్నీ పనికొస్తాయి. ఏ పని చేసేవారో, ఇప్పుడు అందులో ఏది చేయలేకపోతున్నారో కూడా విడమరిచి చెప్పాలి. 2010 నాటి తీర్పులో సుప్రీంకోర్టు చెప్పిన ఉదాహరణ ఇది: ఎడమ చెయ్యి పోతే ప్రభుత్వ గుమాస్తా ఉద్యోగం నిలవొచ్చు, డ్రైవరుకో వడ్రంగికో మాత్రం బతుకుదెరువు దాదాపు మొత్తం పోయినట్టే. డాక్టరు రాసిన వైకల్య శాతం ఒకటి, సంపాదనలో పడిన గండి ఇంకొకటి.

దాచకూడనివీ ఉన్నాయి. లైసెన్సు లేదు, హెల్మెట్ పెట్టుకోలేదు, బండి మీద ముగ్గురున్నారు. ఇలాంటివి తన లాయరుకు ముందే చెప్పేస్తే నష్టం తక్కువ. బాధితుడికి లైసెన్సు లేనంత మాత్రాన తప్పు అతనిదే అయిపోదని 2008లోనే సుప్రీంకోర్టు తీర్పుంది. గుద్దిన బండి దొరక్కపోతే వేరే బండిని ఇరికిద్దామనే సలహా ఎవరిచ్చినా అక్కడి నుంచి లేచి వచ్చేయాలి. అది నేరం. ఆచూకీ తెలియని బండి గుద్ది పారిపోయిన కేసుల్లో మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50,000 ఇచ్చే పథకం వేరే ఉంది.

ఇక ఫీజు. అమెరికాలో వచ్చిన పరిహారంలో వాటా తీసుకోవడం చట్టసమ్మతం, అక్కడి తెలుగువాళ్లకు తెలిసిన పద్ధతే. ఇక్కడ బార్ కౌన్సిల్ నియమాలు దాన్ని నిషేధించాయి. 1998లో రోడ్డు ప్రమాదంలో భర్తను పోగొట్టుకున్న తెలంగాణ మహిళ ఒకరి నుంచి, పరిహారంలో శాతం లెక్కన ఫీజు కింద లాయరు 10 లక్షల చెక్కు తీసుకున్నారు. అది చెల్లకపోతే ఆమెపై చెక్కు బౌన్సు కేసు పెట్టారు. సుప్రీంకోర్టు 2017లో ఆ కేసును కొట్టేసింది. అలా వాటా అడగడం వృత్తి ధర్మానికి విరుద్ధమని తేల్చింది. న్యాయంగా పనిచేసే లాయర్లు ప్రతి కోర్టులోనూ ఉన్నారు, దళారుల వల్ల చెడ్డపేరు మోస్తున్నది వాళ్లే. అలాంటి లాయరు "ఫీజెంత, ఎప్పుడెప్పుడు ఇవ్వాలి, కాగితం మీద రాసిస్తారా" అని అడిగితే నొచ్చుకోరు. లోక్ అదాలత్‌లో రాజీకి ఒప్పుకునేముందు తమను అడుగుతారా, సొమ్ము నేరుగా తమ ఖాతాలోనే పడుతుందా అన్నవీ అదే రోజు అడగాలి. ఖాళీ కాగితం మీద, ఖాళీ చెక్కు మీద సంతకం మాత్రం ఎవరడిగినా పెట్టకూడదు.

తేరుకున్నాక వెళ్లమన్నారు కదా అని నెలలు గడపడానికీ లేదు. ప్రమాదం జరిగిన 6 నెలల్లోపు క్లెయిమ్ వేయాలన్న నిబంధన 2022 ఏప్రిల్ నుంచి ఉంది. దానిపై సుప్రీంకోర్టులో విచారణ నడుస్తోంది. గడువు దాటిందన్న ఒక్క కారణంతో పిటిషన్లు కొట్టేయొద్దని 2025 నవంబరులో మధ్యంతర ఆదేశమూ వచ్చింది. తుది తీర్పు ఎలా ఉంటుందో తెలియనప్పుడు ఆ ధీమాతో కూర్చోవడం మంచిది కాదు. దూరమనీ ఆగనక్కర్లేదు. హైదరాబాదులో ప్రమాదం జరిగిన శ్రీకాకుళం కూలీ హైదరాబాదు దాకా తిరగనక్కర్లేదు, తానుండే జిల్లాలోనే కేసు వేసుకోవచ్చు.

లాయరును పెట్టుకునే స్తోమత లేనివారికి జిల్లా కోర్టు ఆవరణలోనే న్యాయసేవాధికార సంస్థ ఉంటుంది. మహిళలకు, పిల్లలకు, దళితులకు, గిరిజనులకు, వైకల్యం ఉన్నవారికి ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయరును ఇస్తుంది. ఫోన్ నంబరు 15100. ప్రతి పెద్దాసుపత్రి క్యాజువాలిటీ గోడ మీద ఈ నంబరు పెద్దక్షరాల్లో రాయించాలి, వారానికి రెండు రోజులైనా ఆ సంస్థ మనిషి అక్కడ కూర్చోవాలి. దళారి ఏ వార్డుకు వెళ్తున్నాడో ఆసుపత్రిలో అందరికీ తెలుసు. అదే వార్డుకు ప్రభుత్వ న్యాయ సహాయం ఎందుకు చేరడం లేదో రెండు తెలుగు రాష్ట్రాల అధికారులూ జవాబు చెప్పాలి.