డిస్కుల పోట్లాటలో మనకేం ఒరిగింది?

"పోటీ ఉంటే కొనేవాళ్ళకే లాభం" అని మా వారు, మా తమ్ముడు, టీవీలో కూర్చునే నిపుణులు, అందరిదీ ఒకటే పాట. కూరగాయల బజారుకి వెళ్ళేదాన్ని, ఆ సంగతి నాకూ తెలుసు. నాలుగు బండ్లు పక్కపక్కన ఉంటే వంకాయల ధర దిగుతుంది. కానీ ఏ బండి మీద కొన్నా ఆ వంకాయ నా మూకుట్లోనే వేగుతుంది కదా! సినిమా డిస్కుల దగ్గర అలా జరగలేదు.

2006లో తోషిబా హెచ్‌డి డివిడి తెచ్చింది. అదే ఏడాది సోనీ పక్షం బ్లూ-రే తెచ్చింది. చూడ్డానికి రెండూ ఒకే సైజు, చదివేదీ ఒకే రకం నీలి లేజరు. అయినా ఒకదాని డిస్కు రెండోదాని ప్లేయర్లో ఆడదు. పైగా స్టూడియోలు పంచుకున్నాయి. డిస్నీ, ఫాక్స్ బ్లూ-రే వైపు, యూనివర్సల్ అటువైపు. పారమౌంట్ రెండిటికీ ఇస్తూ ఇస్తూ 2007 ఆగస్టులో హెచ్‌డి డివిడి వైపే తిరిగింది. పిల్లలకి డిస్నీ బొమ్మ, ఇంటాయనకి యూనివర్సల్ సినిమా కావాలంటే రెండు పెట్టెలు కొనాలన్నమాట. దీన్ని ఎంపిక అంటారా?

ధరలు తగ్గాయి కదా అంటారు. నిజమే, కాదనను. 2007 నవంబరులో అమెరికాలో హెచ్‌డి డివిడి ప్లేయరు వంద డాలర్ల లోపే అమ్మారు. 2008 జనవరిలో వార్నర్ బ్రదర్స్ బ్లూ-రేకే పరిమితమవుతానంది. ఫిబ్రవరి 19న తోషిబా చేతులెత్తేసింది. చవగ్గా వచ్చిందని కొన్న ఇల్లాలికి నాలుగు నెలలు తిరక్కుండానే చేతిలో మిగిలింది ఓ ఖాళీ డబ్బా. పాత డివిడిలు ఆడతాయిగా అని ఓదారుస్తారు. ఆ పని ఇంట్లో ఉన్న పాత ప్లేయరే చేస్తోందమ్మా!

డివిడికీ ఈ గొడవ రావలసిందే. 1995లో సోనీ, ఫిలిప్స్ ఒక డిస్కుతో, తోషిబా వాళ్ళు ఇంకో డిస్కుతో సిద్ధమయ్యారు. కంప్యూటరు కంపెనీలు పట్టుబట్టడంతో చివరికి ఒక్కదానికి ఒప్పుకున్నారు. దాంతో పోటీ చచ్చిపోయిందా? ప్లేయర్లు చేసేవాళ్ళు పెరిగారు, ధరలు దిగాయి. మన దగ్గర మోజర్ బేర్ వాళ్ళు సినిమా విసిడి 28 రూపాయలకి, డివిడి 34 రూపాయలకి ఇచ్చారు. ఎవరింట్లో ఏ ప్లేయరున్నా ఆడేది. పోటీ అంటే అదీ!

మగవాళ్ళకి ఇది సాంకేతిక విషయం. మనకి బీరువా విషయం. మా పెళ్ళి క్యాసెట్టు వీహెచ్‌ఎస్, గెలిచిన జాతి. అందుకే పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించే స్టూడియో ఊళ్ళో ఇంకా దొరికింది. అందులో మా నాయనమ్మ మంగళహారతి పాడుతున్న గొంతుంది, ఇంకెక్కడా లేదు. అదే బీటామాక్స్‌లో బిడ్డ బుడిబుడి అడుగులు దాచుకున్న తల్లి ఏ కొట్టుకి పోయి అడగాలి? గెలిచిన కంపెనీ వచ్చి తీసిస్తుందా, ఓడిన కంపెనీ వచ్చి తీసిస్తుందా?