వంటనూనెలు – నేల, నీరు

పామాయిల్ అడవులను మ్రింగుచున్నదని, దానిని బహిష్కరింపవలెనని విద్యార్థులలో కొందరు వాదించుచున్నారు. మేము అంగీకరింపజాలము. ఇండోనేషియా, మలేషియాలలో అడవులు నరికి ఆ తోటలు వేసిన మాట నిజమే. కాని ఒక హెక్టారు ఆయిల్‌పామ్ ఇచ్చునంత నూనెను సోయాతో తీయుటకు దాదాపు ఏడు రెట్ల నేల కావలెను. ఆ నేల ఎక్కడనుండి వచ్చును?

మన తెలంగాణమున ప్రశ్న అడవిది కాదు, నీటిది. ఎదిగిన ఆయిల్‌పామ్ చెట్టుకు వేసవిలో దినమునకు 200 లీటర్లకు పైగా నీరు పెట్టవలెను. 2021లో కేంద్రము 11,040 కోట్ల రూపాయల ఆయిల్‌పామ్ పథకమును ఆమోదించినది. బోరుబావుల మాట ఎవరికి పట్టినది? నల్లరేగడిలో మిగిలిన తేమతోనే పండు కుసుమకు ఆ భాగ్యమేది? (మనకు సమీపముననే, రాజేంద్రనగరులో, 1977 నుండి నూనెగింజల పరిశోధన జరుగుచున్నది. మనవారెందరు చూచినారో!)

మిర్చీ కా సాలన్‌లో నువ్వులు, పల్లీలు నూరి కలిపెడి పాతబస్తీకి గింజ విలువ తెలియనిది కాదు. అయినను రంజాన్ మాసమున కాగికాగి నల్లబడిన నూనె మోరీల పాలై మూసీకి చేరుచున్నది. అదే నూనెతో బయోడీజిలు చేయవచ్చును. ఇందుకై 2018లో ఆహార భద్రతా సంస్థ సేకరణ పథకమును కూడ ఆరంభించినది. కళాశాల కమిటీవారు మన క్యాంటీనులో వాడిన నూనెకొక పీపా పెట్టించి, నిండినప్పుడెల్ల సేకరణదారులకు అప్పగింపవలెనని కోరుచున్నాము.