నీళ్లు ఎక్కడికి పోయినట్లు?



ముప్పై ఏళ్లకు పైగా బడిలో తెలుగు చెప్పినవాడిని. విజ్ఞానశాస్త్రం నా విషయం కాదు. అయినా దానిని గురించి నాలుగు మాటలు రాయవలసి వచ్చింది. కారణం మా దబీర్‌పురా ఇంట్లో జరిగిన ఒక చిన్న సంగతి.

సాయంకాలాలు మా గల్లీ పిల్లలు కొందరు తెలుగు చదువుకోవడానికి నా వద్దకు వస్తారు. వారికి ఇంట్లో మాట దక్కనీ ఉర్దూ. పాఠ్యపుస్తకంలో ఒక పుట ఇంగ్లీషు, ఎదురు పుట తెలుగు. నాలుగో తరగతి చదివే పిల్ల ఒకతె తాను ఫోనులో చూసిన సైన్సు పాఠం నాకూ చూపించింది. పొయ్యి మీద కెటిలు, మరిగే నీరు, పైకి లేచే ఆవిరి, వెనుక సంగీతం. 'ఎవాపొరేషన్' అన్న మాట తెర మీద రంగులలో మెరిసింది. పిల్ల దానిని తప్పు లేకుండా పలికింది.

"మరి మీ మిద్దె మీద ఆరేసిన దుప్పటిలో నీళ్లు ఎక్కడికి పోతాయి బేటీ?" అని అడిగాను.

"కిందికి కారిపోతాయి మాస్టర్ సాబ్."

"అన్నీ కారిపోతాయా? గాలిలోకి పోవా?"

కాసేపు ఆలోచించి, "దుప్పటి కింద పొయ్యి లేదు కదా!" అన్నది.

తప్పు పిల్లది కాదు. మరిగితేనే నీరు ఆవిరి అవుతుందని ఆ పాఠం చూసిన ఎవరికైనా తోస్తుంది. మరగకుండానే, ఏ వేడిమి వద్దనైనా, నీటి ఉపరితలం నుండి ఆవిరి లేస్తూనే ఉంటుందన్న అసలు సంగతి ఆ బొమ్మలలో ఎక్కడా లేదు.

మరునాడు సెలవు. పిల్లల చేతనే ఒక వెడల్పు పళ్లెంలోను, ఒక గ్లాసులోను సమంగా నీళ్లు పోయించి ఎండలో పెట్టించాను. సాయంత్రానికి పళ్లెం ఎండిపోయింది, గ్లాసులో నీళ్లు మిగిలి ఉన్నవి. ఎందుకని నేను అడగకముందే ఆ పిల్ల "పళ్లెం వెడల్పు, అందుకే!" అన్నది. తరువాత మా ఇంటి సురాహీని తడిమి చూసి, "ఇది చెమర్చి ఆరిపోతుంది, అందుకేనా నీళ్లు చల్లగా ఉంటాయి?" అని తానే అడిగింది. ఆ ప్రశ్న ఏ తెరా నేర్పలేదు.

అంతర్జాలాన్ని నిందించడం నా ఉద్దేశం కాదు. 2017లో మొదలైన 'దీక్ష' వేదిక వల్ల పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడు ద్వారా పాఠం తెరుచుకుంటున్నది. 2020 సెప్టెంబరులో బడులు మూతబడి ఉన్నప్పుడు దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ పాఠాలే ఎందరో పిల్లలకు దిక్కయినవి. కొలరాడో విశ్వవిద్యాలయం వారి 'ఫెట్' నమూనాలు కొన్ని తెలుగులోనూ ఉన్నవి. అణువుల కదలిక వంటి, కంటికి చేతికి అందని విషయాలకు తెరను మించిన సాధనం లేదు. ఇక అరవింద్ గుప్తా గారు పారవేసే వస్తువులతో చేయించే బొమ్మలు, వారి పుస్తకాల తెలుగు అనువాదాలు ఉచితంగానే దొరుకుతున్నవి.

కనుక కొరత సామగ్రికి కాదు, ఎంపికకు. నా కొలత ఒక్కటే: పాఠం ముగిసిన తరువాత పిల్ల ఫోను పక్కన పెట్టి ఏదైనా ఒక వస్తువును ముట్టుకున్నదా? చేతికి అందే విషయాన్ని కూడా తెర మీదనే చూపి సరిపెట్టే పాఠం ఎంత అందంగా ఉన్నా ప్రాథమిక తరగతులకు పనికిరాదు.

రెండవది భాష. పుస్తకంలోని 'బాష్పీభవనం' చూసి పిల్లలు బెదిరారు. "మీ ఇంట్లో 'భాప్' అంటారే, అది ఈ 'బాష్పం' నుండి పుట్టినదే" అని చెప్పగానే నవ్వుకున్నారు, మాట చుట్టమైపోయింది. విజ్ఞానం ప్రజల భాషలో ఉండాలని 1906లో ఈ నగరంలోనే విజ్ఞానచంద్రికా మండలి వెలసింది. ఉర్దూలో ఉన్నత శాస్త్రగ్రంథాల కోసం 1917లో ఇక్కడే దారుల్ తర్జుమా ఏర్పడింది. ఆ పెద్దలకు అచ్చుయంత్రం, కాగితం, చందాదారులు కావలసి వచ్చింది. మనకు ఒక కీబోర్డు చాలు.

అందుచేత మిత్రులకు ఒక మనవి. కవిత్వం, సమీక్షలు రాస్తూనే, తలా ఒక పుట పిల్లల కోసం రాయండి. వంటింటి వస్తువులతో చేయదగిన ఒక్క ప్రయోగం, ముందు ఇంటి మాట, ఆ తరువాతే శాస్త్రపు మాట. వెతికితే దొరికేటట్లు యూనికోడులో రాయండి. వీడియో కన్న అక్షరం తేలిక, ముగ్గురు పిల్లలకు ఒకే ఫోను ఉన్న ఇంట్లో కూడా తెరుచుకుంటుంది. శాస్త్రం తెలిసినవారు మా వంటి పండితుల తప్పులు దిద్దండి, మాటల సంగతి మేము చూసుకుంటాము.

పళ్లెం, గ్లాసు పాఠం నేను రాయడం మొదలుపెట్టాను. పూర్తి కాగానే ఇక్కడే ఉంచుతాను.